యాదగిరి వరుస తప్పలేదు

ఇరవై ఏళ్లు దాటింది. నేను మోస్తున్న బరువుకు ఒక పేరుంది. యాదగిరి. ఆ పేరు ఎక్కడ వినబడినా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు, నా మీద. ఆ రోజు నన్ను నమ్మిన వాళ్లందరి మీద కూడా. అంత సులువుగా ఎలా నమ్మారండీ? ఒక్కరైనా రెండో ప్రశ్న వేయలేదే! వేసి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాణ్ణి. దొరికిపోయి, నాలుగు తిట్లు తిని, ఈపాటికి అంతా మరిచిపోయి ఉండేవాణ్ణి.

చూశారా, మొదలుపెట్టీ పెట్టగానే తప్పును పక్కవాళ్ల మీదికి తోస్తున్నాను. ఇది నాకు పాత అలవాటు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో మళ్లీ ఇలా జారుకోబోతే మాత్రం ఊరుకోకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గుంటూరు వైపు నుంచి డిప్లొమా పట్టుకుని హైదరాబాదు వచ్చాను. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బ్యానర్లే. నా గదిలో ఉండే ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మాధాపూర్‌లో ఉద్యోగాలు కొట్టారు. మెళ్లో వేసుకున్న ఐడీ కార్డులు ఆదివారం కూడా తీసేవారు కాదు. నేనొక్కణ్ణే హార్డ్‌వేర్. స్క్రూడ్రైవర్ల సంచి బైకుకు తగిలించుకుని ఫిల్మ్ నగర్, జూబ్లీ హిల్స్, శ్రీనగర్ కాలనీ తిరుగుతూ మొరాయించిన సర్వర్లు బాగుచేసేవాణ్ణి. ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లున్నా అందరి పనీ భద్రంగా ఉండేది ఆ సర్వర్‌లోనే. అది లేవకపోతే ఆ పూట ఆఫీసే లేవదు. అయినా సరే, మమ్మల్ని వెనక గేటు నుంచి రమ్మనేవాళ్లు. ఎండలో నిలబెట్టేవాళ్లు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు మాత్రం కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవాళ్లు. ఆ ఉక్రోషం నాకు బాగా ఉండేది.

ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియో మా కంపెనీ చూసుకునే వాటిలో ఒకటి. దాని పేరు చెప్పను. యజమానిని అందరూ బాబుగారు అనేవారు. సినిమాల్లో కనబడే మంటలూ, మాయలూ, కొండలు కూలిపోవడాలూ అక్కడ తయారయ్యేవి. పాతికమంది రోజంతా చేసే పని ఒక్క సర్వర్‌లో, ఆరు డిస్కుల మీద ఉండేది. ఆ సర్వర్ గదిని కనిపెట్టుకుని ఉండే మనిషి యాదగిరి.

షేక్‌పేట పాత ఊరివారు. అప్పటికే యాభై దాటాయి. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఎడిటింగ్ రూముల్లో ఫిల్మ్ ముక్కల మధ్య బతికిన మనిషి. షూటింగ్ నుంచి వచ్చిన ముక్కలకు నంబర్లు వేయడం, డబ్బాల్లో వరుసగా సర్దడం, ఎడిటర్ చెయ్యి చాపగానే సరైన ముక్క ఆ చేతిలో పెట్టడం ఆయన పని. ఒక్క రీలు ముందు వెనకలైనట్టు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదట. అది ఆయనకు గొప్ప. ఎడిటింగ్ కంప్యూటర్ల మీదికి వచ్చాక ఆ పని పోయింది. బాబుగారు జాలిపడి, అంటే అది జాలి అని బాబుగారే చెప్పుకునేవారు, సర్వర్ గది తాళాలు చేతికిచ్చారు.

నాకంటే పాతికేళ్లు పెద్ద. నేను "ఏయ్ యాదగిరీ" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "సార్" అనేవారు. ఇప్పుడు గౌరవంగా రాస్తున్నానని నన్ను మెచ్చుకోకండి. కాగితం మీద గౌరవానికి ఖర్చేం లేదు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ పొద్దున్నే సర్వర్ వేసినప్పుడు లోపలి నుంచి వచ్చే కూతలు లెక్కపెట్టేవారు. "ఇయ్యాల మూడు సార్లు కూసింది సార్, రోజూ ఒక్కసారే కూస్తది" అని ఫోన్ చేసేవారు. మెమరీ కార్డు కదిలి ఉంటుందని నేను ఫోన్‌లోనే తేల్చేవాణ్ణి. బాబుగారి దగ్గర పేరు నాకొచ్చేది. సర్వర్ లేవకపోతే ముందు వినాలి, తర్వాత లైట్లు చూడాలి, స్క్రీన్ మీద ఏం రాసుందో చివరిదాకా చదవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇది నాకు అమీర్‌పేటలో ఫీజు తీసుకుని నేర్పారు. యాదగిరికి ఎవరూ నేర్పలేదు. చదవడం ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆయన నాకంటే బాగా చేసేవారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఫిల్మ్ నగర్‌లో సెంటిమెంట్లు ఎంత ఉంటాయో వినే ఉంటారు. ఆ స్టూడియోలో కొత్త మిషన్ వచ్చినా, కొత్త సినిమా పని మొదలైనా మొదటి బొట్టు యాదగిరి చేతే పెట్టించేవారు. ఆయన హస్తవాసి మంచిదని పేరు. పక్క స్టూడియోలవాళ్లు కూడా కారు పంపి తీసుకెళ్లేవారు. అలా పిలిచిన రోజు మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు.

ఆయుధ పూజ వచ్చింది. కార్ల నుంచి కత్తెరల దాకా అన్నీ తుడిచి బొట్టు పెట్టే రోజు. దీపావళికి విడుదల కావాల్సిన ఒక పెద్ద సినిమా పని సర్వర్‌లో ఉంది, పదకొండు వారాల పని. దానికి ఇంకో చోట నకలు లేదు. నకలు తీసే మిషన్ కొనమని మూడుసార్లు చెప్పాను, "ఈ సినిమా కానీవయ్యా" అన్నారు బాబుగారు. ఇప్పుడు సర్వర్‌ను ఆపమన్నారు. ఈ సినిమా పని మొదలయ్యాక రాత్రిళ్లు కూడా ఆపడం లేదు, ఇప్పుడు అనవసరంగా ఆపకూడదని చెప్పాను. "పండగ పూట మిషన్ తిరిగితే ఎలాగయ్యా? ఆపి, శుభ్రంగా దుమ్ము దులిపి, పూజ చేయించు" అన్నారు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఆ బిల్డింగ్‌లో లేరు.

ఆపాను. దుమ్ము ఊదాలంటే డిస్కులు బయటికి లాగాలి. లాగాను. ఆరింటినీ బల్ల మీద పరిచాను. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. పెట్టలేదు. తెలియక కాదు. చేతిలో పెన్ను కూడా ఉంది.

యాదగిరి గిన్నెలో గంధం, కుంకుమ తెచ్చుకున్నారు. ముందు వైపు లైట్లుంటాయి, అక్కడ పెట్టొద్దని చెప్పాను. "మంచిది సార్" అని ఒక్కోదాన్నీ తుడిచి, పక్క రేకు మీద బొట్లు పెట్టసాగారు. నేను సరిగా చూడలేదు. ఆ మధ్యాహ్నం మాధాపూర్‌లో నాకు ఇంటర్వ్యూ ఉంది. పండగైనా వాళ్లకు సెలవు లేదు, వాళ్ల ఖాతాదార్ల దేశంలో దసరా లేదు కదా! ఇంతలో ఫోన్ మోగింది. గంట ముందే రమ్మన్నారు. యాదగిరి పని ముగించి హారతి పళ్లెం కోసం బయటికి వెళ్లారు. మిగతావాళ్లంతా గుమ్మడికాయ కొట్టే హడావుడిలో గేటు దగ్గరున్నారు. నేను ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, ఆరు డిస్కులూ గబగబా లోపలికి తోసేశాను.

నేనే తోశాను. ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. మీ ఆఫీసులో మీ గురించి వాకబు చేసి చెబుతాం అన్నారు.

మర్నాడు విజయదశమి. మంచి ముహూర్తంలో పని మొదలుపెట్టాలని బాబుగారు పొద్దున్నే స్టూడియో తెరిపించారు. నేనింకా స్నానం కూడా చేయలేదు, యాదగిరి ఫోన్. "సార్, కూత సరిగనే ఉన్నది. కానీ మూడో డిస్కు, ఐదో డిస్కు లైట్లు ఎర్రగైనయ్. మిగిలినయి పచ్చగనే ఉన్నయ్. జర జల్ది రాన్రి."

మూడు, ఐదు. ఇంకేం కావాలి? జబ్బేమిటో, ఎక్కడుందో ఆయన ఫోన్‌లోనే చెప్పేశారు. నేను చేయాల్సిందల్లా వెళ్లి ఆ రెంటినీ లాగి చూడటమే. ఇలాంటి సర్వర్లలో సమాచారం ఒకే డిస్కు మీద ఉండదు. ముక్కలు ముక్కలుగా ఆరింటి మీదా ఒక వరుసలో పరుచుకుని ఉంటుంది. కొన్ని మిషన్లు డిస్కులు తారుమారైనా గుర్తుపడతాయి. మాది పాతది, గుర్తుపట్టదు. వరుస తప్పితే మొండికేసి కూర్చుంటుంది. కూర్చుంటుందే కానీ ఏమీ పాడుచేయదు. వరుస సరిచేస్తే లేస్తుంది. ఐదు నిమిషాల పని.

నేను వెళ్లేసరికి సర్వర్ గదిలో బాబుగారున్నారు. ఆ సినిమా నిర్మాత ఉన్నారు. ఇంకా ఎవరో ఇద్దరు, తెల్లబట్టల వాళ్లు. ముహూర్తం దాటిపోతోందని అందరి ముఖాలూ మాడి ఉన్నాయి. అందరూ నా వెనకే నిలబడ్డారు. నేను మెమరీ కార్డులు తీసి పెట్టాను. కరెంటు సరఫరా చేసే డబ్బా మార్చాను. రెండూ బాగానే ఉన్నాయని నాకు తెలుసు. ఎందుకు చేశాను మరి? ఏదో చేస్తున్నట్టు కనబడాలి కదా. నా బుర్రలో మూడు, ఐదు అనే మాటలు తిరుగుతూనే ఉన్నాయి. నిన్న ఫోన్ మాట్లాడుతూ తోసేసిన సంగతి కూడా గుర్తుకొచ్చింది. గుర్తురాలేదని రాస్తే మీరు నమ్మేస్తారు. వచ్చింది.

అప్పుడు స్క్రీన్ మీద నాలుగు లైన్లు పడ్డాయి. డిస్కుల వరుస నా దగ్గరున్న లెక్కతో కలవడం లేదు, ముందున్నట్టు పెట్టండి, లేదా కొత్తగా మొదలుపెట్టమంటారా అని. కొత్తగా మొదలుపెడితే ఉన్నదంతా పోతుందని చివరి లైను. చదివాను. అర్థమైంది.

ఆ క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో! డిస్కులు లాగి చూడటమంటే, నిన్న తప్పుగా పెట్టింది నేనేనని అంతమంది ముందు ఒప్పుకోవడం. బాబుగారు మా ఆఫీసుకు ఫోన్ చేస్తారు. మాధాపూర్ వాళ్లు వాకబు చేసేదీ అక్కడే. నా మెడలో కార్డు పడదు. మళ్లీ వెనక గేటు, మళ్లీ స్క్రూడ్రైవర్ల సంచి. కొత్తగా మొదలుపెట్టినా పాత సమాచారం దొరికిందని ఎవరో ఎక్కడో అన్నట్టు విన్నాను. విన్నానా, లేక అప్పటికప్పుడు కల్పించుకున్నానా? ఇప్పటికీ చెప్పలేను. "ఏమయ్యా, తెలుసా తెలీదా?" అన్నారు వెనక నుంచి బాబుగారు. తెలుసని చూపించడానికి, కొత్తగా మొదలుపెట్టే మీట నొక్కాను.

అంకెలు పెరగడం మొదలైంది. ఒక శాతం, రెండు శాతం. పన్నెండు దగ్గర నాకు ముచ్చెమటలు పట్టి కరెంటు తీసేశాను. అప్పటికే అంతా అయిపోయింది. పదకొండు వారాల పని. వెనక నిలబడ్డ ఒక్కరికీ ఏం జరిగిందో తెలియలేదు. "కాస్త టైం పడుతుందండీ, మీరు టీ తాగి రండి" అన్నాను. పాపం, వెళ్లారు.

తలుపు వేసి డిస్కులు లాగాను.

మొదటి డిస్కు పక్క రేకు మీద ఒక బొట్టు. రెండోదాని మీద రెండు. మూడో అరలో ఉన్నదాని మీద ఐదు. నాలుగో దాని మీద నాలుగు. ఐదో అరలో ఉన్నదాని మీద మూడు. ఆరోదాని మీద ఆరు. గంధం మీద కుంకుమ, ఒకదాని పక్కన ఒకటి, ఎడం తప్పకుండా. పూజ అని నేను అనుకున్న పని ఆయనకు డ్యూటీ కూడా. డబ్బాలోంచి తీసిన ప్రతిదానికీ నంబరు వేయకుండా ఆ చేతులు ఊరుకోవు. నేను పెన్నుతో చేయాల్సిన పని ఆయన కుంకుమతో చేసి పెట్టి వెళ్లారు. నేను కనీసం చూడలేదు.

అక్కడితో ఆగినా నేను కేవలం ఒక చేతకాని ఇంజనీర్‌ని అయ్యేవాణ్ణి. చేతకానితనానికి శిక్ష చిన్నదే. నేను ఆగలేదు. సంచిలోంచి దుమ్ము తుడిచే గుడ్డ తీశాను. స్పిరిట్ పోశాను. ఆరు డిస్కులూ తుడిచాను. గంధం ఎండి అంటుకుపోయింది, గోటితో గీకాను. మొత్తం ఇరవై ఒక్క బొట్లు. తొందరపడ్డానా? లేదు. చాలా నిదానంగా, శ్రద్ధగా తుడిచి మళ్లీ అరల్లో పెట్టాను. ఆ శ్రద్ధలో పదో వంతు ముందురోజు చూపించి ఉంటే ఈ కాగితం రాసే పనే ఉండేది కాదు.

బాబుగారు తిరిగొచ్చారు. సమాచారం పోయిందని చెప్పాను. నిర్మాత కుర్చీలో కూలబడ్డారు. బాబుగారు అడిగారు.

"ఎలా పోయింది?"

"డిస్కులు తారుమారయ్యాయండీ. అలా వేస్తే చెరిగిపోతాయి." ఇది అబద్ధం. నేను చెరపకపోతే చెరగవు.

"ఎవరు ముట్టుకున్నారు వాటిని?"

నేను వెంటనే పేరు చెప్పలేదు. గమనించండి, అంత తెలివి నాకుంది. "నిన్న తుడిచి బొట్లు పెట్టింది యాదగిరండీ" అన్నాను. ప్రతి మాటా నిజమే కదా! నిజాలన్నీ ఏరి పక్కపక్కన పెడితే అబద్ధం తయారవుతుందని ఆ రోజే నేర్చుకున్నాను.

యాదగిరిని పిలిచారు. కొత్త చొక్కాతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"తుడిచిన బాబుగారూ, కానీ లోపల పెట్టింది నేను కాదు. సార్ పెట్టిన్రు" అన్నారు నా వైపు చూసి. కోపంగా కాదు. నాకు గుర్తుచేస్తున్నట్టు.

"నేను ఫోన్‌లో ఉన్నాను యాదగిరీ. నువ్వు పెట్టావనుకున్నాను."

"లే సార్. జర యాది చేసుకోన్రి. అయినా ఫికర్ లేదు, లెక్క ప్రకారం బొట్లు పెట్టిన. ఒకటోదానికి ఒకటి, రెండోదానికి రెండు, అట్ల ఆరు దాకా. గుంజి చూడున్రి, యాడిది ఆడనే ఉంటది."

గుంజాను. ఆయన కళ్లముందే ఒకటొకటీ తీసి బల్ల మీద పెట్టాను. ఆరూ తళతళలాడుతున్నాయి.

"బొట్లేవి?" అన్నాను. అన్నది నేనే. ఆ మాట నా నోటితోనే అన్నాను.

యాదగిరి ఒక డిస్కు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. రెండోది తీసుకున్నారు. ఆరూ చూశారు. తర్వాత తన కుడిచేతి ఉంగరపు వేలు చూసుకున్నారు. గోటి సందులో ఇంకా ఎర్రగా ఉంది. కానీ ఆ ఎరుపు దేనికి సాక్ష్యం? స్టూడియోలో యాభై వస్తువులకు బొట్లు పెట్టారు ముందురోజు.

"పెట్టిన గద సార్?" అన్నారు నాతో.

"నేను చూడలేదు."

"అన్నిటికీ పెట్టావు, వీటికి మర్చిపోయావు. మతి ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నారు బాబుగారు. "నీ చెయ్యి మంచిదనుకున్నాం, ఇదా నీ చెయ్యి! తాళాలు అక్కడ పెట్టి వెళ్లిపో."

వెళ్లిపోయారు. సర్వర్‌ను ఆపమన్నది ఎవరు? నకలు మిషన్ వద్దన్నది ఎవరు? ఒక్కరూ అడగలేదు. నిర్మాత అడగలేదు, మా మేనేజర్ అడగలేదు. నేను రాసిన రిపోర్టులో "శిక్షణ లేని సిబ్బంది డిస్కులను తప్పు వరుసలో అమర్చడం వల్ల" అని ఉంది. మా మేనేజర్ ఇంగ్లీషు బాగుందన్నాడు. శిక్షణ లేని సిబ్బంది! ఆ గదిలో శిక్షణ ఉన్నవాడు ఏం చేశాడో చూశారుగా.

మూడో రోజు యాదగిరి గేటు బయట నా బైకు దగ్గర నిలబడి ఉన్నారు. కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. రెండు చేతులూ పట్టుకున్నారు. "నాదే తప్పు సార్. మూడు దినాల సంది గదే సోచాయిస్తున్న. పెట్టిననే అనుకున్న, లోపల మీరు పెట్టిన్రనే అనుకున్న. కానీ కండ్లతోని చూసిన గద, బొట్లు లెవ్వు. రెండు తీర్ల మతి తప్పింది నాకు. మీ మీదికి మాట తెచ్చిన. మాఫ్ చేయున్రి" అన్నారు.

నేను మాఫ్ చేశాను. నవ్వు రావడం లేదా మీకు? "పర్లేదులే, ఇకనైనా జాగ్రత్త" అని బైకు ఎక్కాను. పగటి వెలుతురు, ఖాళీ రోడ్డు, వినేవాళ్లెవరూ లేరు. అంతకంటే సులువైన అవకాశం మనిషికి దొరుకుతుందా?

ఉద్యోగం వచ్చింది. మెడలో కార్డు పడింది. దీపావళి సినిమా ఆలస్యంగా వచ్చి వెళ్లిపోయింది, ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. యాదగిరి చెయ్యి మాత్రం అచ్చిరాని చెయ్యి అయిపోయింది. ఆయన్ని కారు పంపి పిలిపించుకున్న స్టూడియోలే గేటు దగ్గర్నుంచి తిప్పి పంపాయని తర్వాత విన్నాను. మా ఊళ్లో ఇలాంటి మూఢనమ్మకాలు లేవని అప్పట్లో నేను గొప్పలు పోయేవాణ్ణి. మూఢనమ్మకం వాళ్లది, దానికి మేత వేసింది నేను.

ఇంకా సిగ్గులేని సంగతి చెప్పనా? ఇప్పుడు నేను పెద్ద సర్వర్ కేంద్రం చూసుకుంటున్నాను. కొత్తగా చేరిన ఇంజనీర్లకు మొదటి పాఠం నేనే చెబుతాను. డిస్కు తీసే ముందు పక్కన చుక్కలు పెట్టండి, మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, చీకట్లోనూ వేలితో తడిమి చెప్పొచ్చు అంటాను. దానికి ఆఫీసులో నా పేరే పెట్టారు. ఆ పద్ధతికి నాకు ఒకసారి సభలో శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను.

ఇన్నాళ్లూ ఒక లెక్క చెప్పుకుంటూ వచ్చాను. ఆయనకు పోయింది ఒక ఉద్యోగం. ఎక్కడో వేరే పని దొరికే ఉంటుంది. పెద్దాయన, మరిచిపోయే ఉంటారు. నా తప్పు అంతవరకే అనుకున్నాను. పోయిన నెల దాకా.

పోయిన నెల మా అత్తగారిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ బెంచీ మీద యాదగిరి. బాగా చిక్కిపోయారు. నేను గుర్తుపట్టేలోపే ఆయనే లేచి నిలబడ్డారు. "సుజాతా, గీ సారే. నా వల్ల గంత నష్టమైనా ఒక్క మాట అనలే" అని కూతురికి చెప్పారు. ఆమె నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

ఆయన్ని లోపలికి పిలిచాక సుజాత చెప్పింది. డాక్టర్లు ఎప్పుడు చూసినా ఈ వయసుకు మతి బ్రహ్మాండంగా ఉందంటారట. ఆయన నమ్మరు. స్టూడియో పని పోయినప్పటి నుంచి అంతే. తాళం వేసి నాలుగుసార్లు వెనక్కి వెళ్లి చూస్తారు. పెళ్లి పత్రికలు పంచమన్నా, ఎవరి దగ్గరైనా ఏదైనా తెమ్మన్నా నాకు చెప్పకున్రి అంటారు. అందరం మరిచిపోయేవి ఆయన మరిచిపోతే, చూసిన్రా అని చూపిస్తారు. "మా బిడ్డ మూడో తరగతి సార్. బడి రెండు సందుల అవతలనే. తీసుకరా నాయినా అంటే గడప దాటడు. యాడన్న మర్చిపోయి వస్తనేమో అంటడు. చిన్నప్పుడు ఎత్తుకోలే కూడా."

నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఉద్యోగం అనుకున్నాను, ఇన్నేళ్లూ ఉద్యోగం అనుకున్నాను! ఒక మనిషికి తన తల మీద తనకుండే నమ్మకాన్ని తీసేశాను. ఇరవై ఏళ్లు రీళ్ల వరుస తప్పని మనిషి పక్కసందులోని మనవరాలిని తీసుకురావడానికి భయపడుతున్నారు. దానికి ఆధారం ఏమిటి? నేను గోటితో గీకిన ఆరు రేకు ముక్కలు.

ఆయన బయటికి వచ్చారు. కూతురు మందుల చీటీ తీసుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లింది. నా పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా అడిగారు. "సార్, ఒక్కటి చెప్పున్రి. ఎవరికి చెప్పను. ఆ దినం నేను నిజంగనే మర్చిపోయిన్నా?"

ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయనకు ఇంకా కొంచెం అనుమానం మిగిలి ఉంది. ఆ కొంచెం నిజం చేతిలో పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. నేనేం చేశాను? "పాత సంగతులు వదిలేయండి, ఆరోగ్యం చూసుకోండి" అన్నాను. మా అత్తగారి టోకెన్ పిలిచారు. లేచి వెళ్లిపోయాను. యాభై నిండబోతున్న మనిషిని, ఇల్లు, కారు, పేరు అన్నీ ఉన్నవాణ్ణి. నోరు పెగల్లేదు. అప్పుడైతే ఉద్యోగం కోసం అనుకుందాం. ఇప్పుడు దేనికోసం? నాకే తెలియదు. తెలియదు కాబట్టే ఇంత కోపం.

నోరు పెగలని వాడికి రాయడం మిగిలింది. సుజాత నంబరు ఆ రోజే తీసుకున్నాను. ఇది ముందు మీరు చదివారు, తర్వాత ఆమెకు పంపుతాను. క్షమించమని అడగను. ఒకసారి ఆయనే నన్ను క్షమాపణ అడిగారు, ఇక ఆ మాట నా నోట్లో ఇమడదు. ఆమె నన్ను బజారుకీడ్చినా సరే, వచ్చి ముఖాన ఉమ్మినా సరే. రాస్తుంటే గుండె మీద నుంచి ఏదో కొంచెం జరిగిన మాట నిజం. ఆ కొంచెం కూడా నాకు న్యాయంగా రావాల్సింది కాదు.

యాదగిరి గారూ, మీరడిగిన దానికి జవాబు. మీరు మర్చిపోలేదు. బొట్లు పెట్టారు, నేను తుడిచేశాను. డిస్కులు పెట్టింది నేను, చెరిపింది నేను. మీ మతికి ఆ రోజూ ఏమీ కాలేదు, ఇవాళా ఏమీ కాలేదు. రేపు సాయంత్రం బడి వదిలాక పాపను మీరే వెళ్లి తీసుకురండి.